దత్తమండలముల కలెక్టరు సర్ థామస్ మన్రో

రాయలసీమలో సొంత పొలము గల ప్రతి రైతు ఇంటను పట్టా అను కాగితమొకటి భద్రముగా దాచియుంచుట మనమెరిగినదే. పొలము నంబరు, దాని కొలత, దానికి బాధ్యుడైన రైతు పేరు అందు వ్రాయబడియుండును. రైతునకును సర్కారునకును నడుమ జమీందారుగాని ఇజారాదారుగాని లేకుండుట ఈ పద్ధతి యందలి విశేషము. ఈ ఏర్పాటు మన ప్రాంతమున మొదటిసారి నెలకొన్నది 1800 నుండి 1807 వరకు గడచిన ఏడేండ్లలో. దానిని నెలకొల్పినవాడు ఈ నేలకు వేల మైళ్ల దూరమున పుట్టిన పరదేశీయుడు, వర్తక కుంపిణీ కొలువులోని సైనికుడు, సర్ థామస్ మన్రో. పన్నులు వసూలు చేసిన అధికారిని ప్రజలు సాధారణముగా మరచిపోవుదురు, లేదా నిందింతురు. ఈయన పేరును మాత్రము తమ బిడ్డలకు పెట్టుకొనిరి. అట్లేల జరిగినదో తెలిసికొనుట మన చరిత్రను తెలిసికొనుటయే కాన, ఆయన జీవితమును ఇచట సంగ్రహముగా చెప్పుచున్నాము.

మన్రో 1761 మే 27వ తేదీన స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వర్తకము చేయు సంపన్న వ్యాపారి. చిన్ననాట వచ్చిన తట్టు వలన బాలునకు చెవుడు కొంత సోకి, ఆ లోపము జీవితాంతము వదలలేదు. అయినను పుస్తకములపై ఆసక్తి మెండు. డాన్ క్విక్సాట్ అను ప్రసిద్ధ గ్రంథమును మూలమున చదువవలెనని తనంత తానుగా స్పానిషు భాష నేర్చుకొనెను. గ్లాస్గో విశ్వవిద్యాలయమున మూడేండ్లు చదివి, వర్తకపు కొలువున చేరెను. ఇంతలో అమెరికా వలసలు ఇంగ్లండుపై తిరుగబడుటతో తండ్రి వ్యాపారము కూలిపోయెను. కలిగిన ఇల్లు అప్పులపాలైనది. పోషణభారము మోయుటకై కుమారుడు కుంపిణీ సైన్యమున కేడెటుగా చేరి, 1780 జనవరిలో చెన్నపట్టణమున దిగెను. అప్పటి కాయనకు పందొమ్మిదేండ్లయినను నిండలేదు.

అదే యేడు హైదరాలీ కర్ణాటకముపై దండెత్తెను. పొల్లిలూరు వద్ద కర్నల్ బెయిలీ సేన నాశనమైనప్పుడు, సహాయము చేయలేక చెన్నపట్టణమునకు వెనుదిరిగిన సైన్యములో మన్రో ఒకడు. తరువాతి నాలుగేండ్లు యుద్ధములోనే గడచెను. చిన్న అధికారుల జీతము స్వల్పము. మొదటి మూడేండ్లు తనకు గుడ్డ పరుపుగాను, పుస్తకమో తూటాల సంచియో తలగడగాను ఉండెనని ఆయన ఇంటికి వ్రాసిన జాబుల వలన తెలియుచున్నది. ఆ జీతములోనే మిగిల్చి తలిదండ్రులకు సొమ్ము పంపుచుండెను. తీరిక వేళల హిందూస్తానీ, పారసీక భాషలను శ్రద్ధగా అభ్యసించెను. షేక్స్పియరు వ్రాసిన వెనిసు వర్తకుని నాటకమును పోలిన కథ నొకదానిని పారసీక వ్రాతప్రతిలో కనుగొని తెనిగించినట్లే ఆంగ్లీకరించి మిత్రునకు పంపగా, అది స్వదేశమున పండితుల దృష్టికి వచ్చెను. తోటి సిపాయి అధికారులలో దేశభాషలు తెలిసినవారు అరుదు. మన్రో భాగ్యోదయమునకు కత్తికంటె భాషయే కారణమైనది.

1792లో టిప్పు సుల్తానుతో జరిగిన సంధి వలన బారామహలు ప్రాంతము కుంపిణీ వశమయ్యెను. నేటి తమిళనాడులోని సేలము, ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతమే ఇది. అచటి పాలనకు దేశభాషలు తెలిసిన సివిలు ఉద్యోగులు దొరకనందున గవర్నరు జనరలు కారన్‌వాలిసు ఆ పనిని కెప్టెను అలెగ్జాండరు రీడు అను సైనికాధికారి కప్పగించి, ముగ్గురు సహాయకులను ఇచ్చెను. మన్రో అందులో ఒకడు. రీడు వద్ద ఏడేండ్లు పనిచేసి, భూమిని కొలుచుట, పంటను అంచనా కట్టుట, రైతుతో ముఖాముఖి మాటలాడి శిస్తు నిర్ణయించుట నేర్చెను. రైతువారీ పద్ధతికి పురుడు పోసినవారు ఈ గురుశిష్యులే. అప్పటికి వంగదేశమున శాశ్వత పరిష్కారము జరిగి, భూములన్నియు జమీందారుల హస్తగతమై యుండెను. చెన్నపట్టణపు దొరలును ఆ త్రోవనే పోదలచిరి. భూమిని సాగుచేయువాడొకడు, హక్కు మరియొకనిది అగుట అన్యాయమను అభిప్రాయము బారామహలు పల్లెలలో తిరిగిన దినములలోనే మన్రోకు స్థిరపడెను.

1799లో శ్రీరంగపట్టణము పడిపోయెను. మైసూరు రాజ్యమును చక్కబెట్టుటకు నియమింపబడిన కమీషనుకు మన్రోయు, జాన్ మాల్కము అను మరియొక యువాధికారియు కార్యదర్శులైరి. పిదప కన్నడ తీరమును చక్కబెట్టుటకు మన్రోను పంపిరి. ఆ వానల సీమలో ఆయన ఉండుటకు ఇష్టపడకపోయినను, ఏడాదికి పైగా పనిచేసి పన్నుల లెక్కలు క్రమపరచెను. ఆ పని ముగియునంతలో ఇంతకంటె పెద్ద బాధ్యత ఎదురుచూచుచుండెను.

మైసూరు యుద్ధములలో తన వాటాగా లభించిన కడప, బళ్లారి ప్రాంతములను నైజాము ప్రభువు 1800 అక్టోబరు సంధి ననుసరించి కుంపిణీకి ఒప్పగించెను. తన రాజ్యమున ఉంచిన కుంపిణీ సైన్యపు ఖర్చు క్రింద ఈ భూములు ధారపోయబడెను. ధారపోయబడినందున వీనికి దత్తమండలములని పేరు వచ్చెను. రాయలసీమ అను నామము 1928లో గాని పుట్టలేదు. నేటి కడప, అనంతపురము ప్రాంతములును, కర్నూలు సీమలో కొంత భాగమును, ఇప్పుడు కర్ణాటకములో నున్న బళ్లారియు ఇందు చేరియుండెను. ఈ విశాల మండలమునకు మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా నియమింపబడెను. ఆయన క్రింద నలుగురు సబుకలెక్టరులు. అనంతపురము ఆయన ముఖ్య స్థానము.

అప్పటి దేశస్థితి దయనీయము. విజయనగర సామ్రాజ్య పతనము తరువాత గోల్కొండ, మొగలాయి, మరాఠా, మైసూరు, నైజాము ప్రభుత్వము లొకదాని వెనుక నొకటి వచ్చిపోయెను. ప్రతి ప్రభుత్వమును పన్ను తీసికొన్నదే గాని రక్షణ నీయలేదు. సుమారు ఎనుబదిమంది పాళెగాండ్రు కోటలు కట్టుకొని, వేలకొలది సాయుధులను చేరదీసి, ఎవరి సీమకు వారే ప్రభువులై యుండిరి. వీరిలో ప్రజలను కాపాడిన ప్రాచీన వంశములవారును గలరు; దోపిడితో పొట్టపోసికొన్నవారును గలరు. పల్లెకును పల్లెకును పోరు. మట్టిగోడలు లేని ఊరు నిలుచుట కష్టము.

మన్రో మొదట చేసిన పని పాళెగాండ్రను అణచుట. శిస్తు కట్టవలెననియు, సాయుధులను తొలగింపవలెననియు ఆజ్ఞాపించెను. లొంగినవారికి భరణము లేర్పరచెను. లొంగనివారిపై జనరలు క్యాంబెలు సేనను నడిపించెను. ఈ పనిలో ఆయన చూపిన కాఠిన్యమును దాచుట తగదు. పట్టికొండకు చేరువనున్న తెర్నేకల్లు గ్రామస్థులు 1801లో గౌడప్ప అను పెద్ద నాయకత్వమున శిస్తు చెల్లింప నిరాకరించి తిరుగబడిరి. కుంపిణీ సేన తొలి దాడిలో ఓడి వెనుకకు పోయి, మరల అదనపు బలముతో వచ్చి కోటను పట్టుకొనెను. గౌడప్ప ఉరిదీయబడెను. మోయలేనంత శిస్తు విధించి, అది కట్టలేదను నెపమున పాళెములను లాగికొనుట సరిగాదని లండనులోని కుంపిణీ డైరెక్టరులే మన్రోను తప్పు పట్టిరి. దారిదోపిడులు మానినగాని రైతు నాగలి పట్టడని ఆయన సమాధానము. ఆ మాటలో నిజము గలదు. డైరెక్టరుల ఆక్షేపణలోను నిజము గలదు.

దేశము కొంత నెమ్మదించిన పిదప 1802లో గుత్తి సీమయందు భూముల కొలత ఆరంభమయ్యెను. ఇది ఐదేండ్లు సాగి 1807లో ముగిసెను. ముప్పదిమూడడుగుల గొలుసు కొలమానముగా తీసికొనిరి. పొడవున నొక గొలుసు, వెడల్పున నొక గొలుసు గల చదరము గుంట. నలుబది గుంటలు ఎకరము. ఎకరములు గుంటలుగా లెక్కించు పద్ధతి ఇదియే. కొలతగాండ్రు పొలము పొలమునకు నంబరు వేసి, హద్దులు నిర్ణయించి, లెక్కలు వ్రాసిరి. వారి వెనుక మదింపుగాండ్రు వచ్చి, మెట్ట, మాగాణి, తోట యని భూములను విభజించి, మంచి చెడులను బట్టి తరగతులు కట్టిరి. ఈ తరగతులు కట్టునప్పుడు రెడ్డి, కరణము, ఊరి రైతులు దగ్గర నుండవలెను. ఒక ఊరి కొలతను మరియొకరు తిరిగి పరీక్షించి, తప్పు కనిపించిన సరిదిద్దవలెను. యంత్రములు లేని ఆ కాలమున, సరియైన బాటలైనను లేని దేశమున, ఇంతటి కొలత పూర్తియగుట సామాన్యము గాదు.

ఈ పద్ధతి క్రింద ప్రతి రైతును సర్కారుతో నేరుగా ఒప్పందము చేసికొనును. ఏటేట జమాబందీ జరుగును. శక్తి చాలని యెడల ఒక పొలము వదలుకొనవచ్చును; శక్తి యున్న బీడు నొకదానిని అదనముగా పట్టవచ్చును. ఎద్దులకును విత్తనములకును సర్కారు తకావీ అప్పు లిచ్చును. శిస్తు కట్టుచున్నంత కాలము అతనిని భూమి నుండి తొలగించు అధికార మెవరికిని లేదు. పంటను చూచి ఇష్టము వచ్చినంత పెంచు పాత వాడుకకు బదులు, ఏ పొలమునకు ఎంత కట్టవలెనో ముందే తెలిసియుండెను. రైతునకు ఇది క్రొత్త అనుభవము.

అధికారిగా మన్రో నడవడి ప్రజలను ఆకర్షించెను. ఏడేండ్లలో ఆయన బంగళాలో గడపిన దినములు తక్కువ, గుడారములలో గడపిన దినములు ఎక్కువ. ఊరూర విడిసి, ప్రొద్దుట నుండి ఎవరు వచ్చినను వారి మొర వినుచుండెను. దుబాసీలపై ఆధారపడక రైతులతో తానే ముచ్చటించుచుండెను. ఊరి తగవులు, చెరువుల మరమ్మతులు, ఈనాముల హక్కులు, ధాన్యపు ధరలు, ఎద్దుల వెలలు, ఒకటన నేల, అన్నియు ఆయనకు తెలిసియుండెను. గుర్రముపై పోవునప్పుడు పొలములో నిలిచి రైతుతో మాటలాడుట ఆయన అలవాటు. సైన్యమునకు ధాన్యము కావలసినప్పుడు తన పేరు చెప్పినంతనే వర్తకులు తెచ్చి ఇచ్చునంతటి నమ్మకము సంపాదించుకొనెను. 1803 మరాఠా యుద్ధమున, తరువాత వెల్లింగ్టను ప్రభువుగా ప్రసిద్ధుడైన ఆర్థరు వెల్లెస్లీ సేనకు దత్తమండలముల నుండి ధాన్యము, ఎద్దులు పోయినవి.

ఏడేండ్లలో మండలపు ఆదాయము సుమారు సగము పాళ్లు హెచ్చెను. కుంపిణీ సంతోషించెను. అయితే, ఆ హెచ్చిన ఆదాయమే రైతునకు బరువని గ్రహించినవాడు మన్రో. సర్వేలో కట్టిన శిస్తు, మొత్తము పంటలో నూటికి నలుబదియైదు పాళ్లకు సమానముగా నుండెను. మూడవవంతు మించిన రైతు చేతిలో మిగులు ఉండదనియు, మిగులు లేని భూమికి విలువ ఉండదనియు, విలువ లేని హక్కు పేరునకే హక్కు అనియు ఆయన నిశ్చయించెను. 1807 ఆగస్టులో ప్రభుత్వమునకు పంపిన నివేదికలో శిస్తు నాలుగవవంతు తగ్గింపవలెననియు, తోట భూములకు ఇంకను కొంత ఎక్కువ తగ్గింపు కావలెననియు సిఫారసు చేసెను. తాను హెచ్చించిన ఆదాయమును తానే తగ్గింపుమని కోరిన కలెక్టరులు చరిత్రలో అరుదు. అదే సంవత్సరము సెలవుపై స్వదేశమునకు వెడలెను.

ప్రభుత్వము ఆ సిఫారసును త్రోసిపుచ్చెను. అంతటితో ఆగక రైతువారీ పద్ధతినే మార్చి, గ్రామములను మొదట మూడేండ్లకు, పిదప పదేండ్లకు ఇజారాల కిచ్చెను. మొత్తము ఊరి శిస్తునకు ఇజారాదారుడు పూచీపడును. రైతుల వద్ద వసూలు చేసికొనును. ఇజారా మొత్తములు ఎక్కువగా నుండుటచేత వర్షము తప్పిన సంవత్సరములలో ఇజారాదారులు దివాలా తీసిరి. వారు తీయునంతలోపల రైతులను పిండి పిప్పి చేసిరి. ఊళ్లు విడిచి పోయినవారెందరో. నాలుగవవంతు తగ్గింపు కొరకు దత్తమండలముల రైతులు పదుమూడేండ్లు వేచియుండవలసి వచ్చెను.

ఇంగ్లండులో నున్న కాలమున మన్రో ఊరకుండలేదు. 1813లో కుంపిణీ సన్నదు పునరుద్ధరణకు ముందు పార్లమెంటు సభలెదుట సాక్ష్యమిచ్చి, భారత ప్రజలు ఏ నాగరిక జాతికిని తీసిపోరని నిర్భయముగా వాదించెను. 1814లో జేను క్యాంబెలు అను కన్యను వివాహమాడి, అదే యేడు చెన్నరాజధానిలోని న్యాయ పోలీసు శాఖల సంస్కరణకై ఏర్పడిన ప్రత్యేక కమీషనునకు అధ్యక్షుడై తిరిగి వచ్చెను. జిల్లా న్యాయస్థానములు దూరముగాను, ఖర్చుతో కూడినవిగాను ఉండి, పేదరైతునకు అందకుండెను. కమీషను కృషి ఫలితముగా 1816లో క్రొత్త రెగ్యులేషనులు వెలువడెను. గ్రామ పెద్దలు మునసబులుగా చిన్న తగవులు తీర్చు అధికారము పొందిరి. పంచాయతీలకు చట్టబద్ధమైన గుర్తింపు కలిగెను. జిల్లా మునసబు పదవులలో దేశీయులు నియమింపబడిరి. పోలీసు, మేజిస్ట్రేటు అధికారములు జడ్జి నుండి కలెక్టరుకు మారెను. కలెక్టరు ఒక్కనిచేతిలోనే ఇంత అధికారము చేరుట మంచిదికాదని నాడే కొందరు వాదించిరి. ఆ వాదము నిరర్థకమైనది కాదని తరువాతి కాలము చూపినది. అయినను గ్రామమునకు తన తగవు తానే తీర్చుకొను హక్కు కలదను సూత్రమును చట్టమున కెక్కించిన గౌరవము మన్రోదే.

1817, 1818 సంవత్సరములలో మరాఠా యుద్ధము రాగా ఆయన మరల ఖడ్గము పట్టెను. ధారవాడ సీమకు కమీషనరుగాను, సేనాధిపతిగాను నియమింపబడి, అతి స్వల్ప సైన్యముతో, ఎక్కువగా స్థానికులైన బంట్లతో, బాదామి, బెలగాము, సోలాపురము మున్నగు కోటలను పట్టుకొనెను. రైతులు తమంత తాము పీష్వా ఉద్యోగులను వెళ్లగొట్టి ఆయనకు శిస్తు కట్టిరి. ఈ విజయమును పార్లమెంటులో క్యానింగు మంత్రి ప్రశంసించెను. 1819లో సర్ బిరుదము లభించెను.

ముప్పది సంవత్సరముల ముందు కేడెటుగా దిగిన రేవుననే 1820 జూనులో మన్రో చెన్నరాజధాని గవర్నరుగా దిగెనని చెప్పిన అది ఒక విధముగ తక్కువ మాటయే. నిజమునకు నలుబది సంవత్సరములు గడచియుండెను. పదవి చేపట్టినంతనే తాను 1807లో కోరిన తగ్గింపును అమలు పరచెను. దత్తమండలములలో మెట్ట, మాగాణి శిస్తులు నాలుగవవంతు తగ్గెను. తోట భూములకు అంతకంటెను ఎక్కువ తగ్గింపు లభించెను. ఇజారాలు ముగిసినచోటనెల్ల రైతువారీ పద్ధతి తిరిగి వచ్చెను. కలెక్టరుగా నిచ్చిన మాటను గవర్నరై చెల్లించుకొనెను.

గ్రంథాలయ సభ్యులు ప్రత్యేకముగా తెలిసికొనదగిన విషయ మొకటి గలదు. 1822 జూనులో మన్రో ప్రతి జిల్లా కలెక్టరునకు వ్రాసి, తన జిల్లాలో ఎన్ని బడులున్నవో, ఎందరు పిల్లలు చదువుచున్నారో, ఏ కులమువారో, ఏ పుస్తకములు చదువుచున్నారో తెలుపుమని కోరెను. జవాబులన్నియు చేరుటకు రెండేండ్లకు పైగా పట్టెను. రాజధాని మొత్తము మీద 12,498 పాఠశాలలు, అందు సుమారు 1,88,000 మంది విద్యార్థులు ఉన్నట్లు తేలెను. జనసంఖ్య ఒక కోటి ఇరువదియెనిమిది లక్షలు. బళ్లారి జిల్లా కలెక్టరు, తెలుగు వ్యాకరణము రచించిన ఎ. డి. క్యాంబెలు, తన జిల్లాలో 533 పాఠశాలలు గలవనియు, అందు 226 తెలుగు బడులనియు నివేదించెను. పేదరికము వలన బడులు తగ్గిపోవుచున్నవనియు, పూర్వ ప్రభువులు విద్య కిచ్చిన ఆదరణ కుంపిణీ కాలమున లేకపోయెననియు ఆయన దాపరికము లేక వ్రాసెను. వీథిబడులలో నేర్పు చదువు కొంచెమే యైనను, అది ఆనాటి యూరపు దేశములలో అనేకములందు కొలది కాలము ముందువరకు ఉన్న స్థితికంటె మెరుగని మన్రో అభిప్రాయపడెను. బాలికలు దాదాపు బడికి రాకుండుట, అడుగువర్ణముల బిడ్డలకు అవకాశము లేకుండుట ఆ లెక్కలలోనే స్పష్టముగా కనబడుచున్నది. 1826లో ఆయన విద్యా సంఘము నొకదానిని నియమించి, ప్రతి జిల్లాకును రెండు ఉన్నత పాఠశాలలు, ప్రతి తాలూకాకును ఒక పాఠశాల నెలకొల్పుటకు పథకము వేసెను. ఆయన మరణించిన పదేండ్లలోపల ఆ బడులు మూతపడెను. అవి నిలిచియున్న యెడల మన పల్లెలలో చదువు మరియొక తీరుగా నుండెడిదేమో!

దేశీయులను పెద్ద ఉద్యోగములకు దూరముగా నుంచుట మన్రో హృదయమును బాధించిన విషయము. 1824 డిసెంబరులో వ్రాసిన దీర్ఘమైన వ్రాతలో ఆయన ఈ సంగతి చర్చించెను. పదవి, గౌరవము, బాధ్యత లేని జాతి శీలము దిగజారుననియు, విద్య నేర్పి ఉద్యోగము లీయకుండుట వ్యర్థమనియు, ఈ దేశప్రజలు తమ్ము తాము పాలించుకొనుటకు సమర్థులైననాడు ఆంగ్లేయులు తొలగిపోవుటయే ఉభయులకు మేలనియు దాని సారాంశము. ఆ మాట వ్రాసిన నూటయిరువది మూడేండ్లకు గాని స్వరాజ్యము రాలేదు. అయితే ఆయన ఉదారభావమునకును ఎల్ల గలదు. 1822లో పత్రికా స్వాతంత్ర్యమును గూర్చి వ్రాయుచు, పరాయి పాలనయు స్వేచ్ఛగల పత్రికయు ఒకచోట నిలువజాలవని చెప్పి, పత్రికలపై అదుపు ఉండవలెనని సలహా ఇచ్చెను. వ్రాసినది పాలకుని పక్షమున. కాని అందలి సత్యమును తరువాత మన జాతీయ పత్రికలే ఋజువు చేసినవి.

బర్మా యుద్ధమున చేసిన తోడ్పాటునకు 1825లో బారొనెట్ బిరుద మీయబడెను. అప్పటికే ఆయన విశ్రాంతి కోరుచుండెను. రోగియైన చిన్న కుమారుని వెంటగొని 1826లో భార్య ఇంగ్లండునకు పోయెను. రాజీనామా అంగీకరింపబడి, తరువాతి గవర్నరు రాకకై వేచియున్న దినములలో మన్రో, తన దత్తమండలములను కడసారి చూడవలెనని 1827 మే నెలాఖరున బయలుదేరెను. సీమలో అప్పుడు కలరా వ్యాపించియుండెను. జూలై తొలివారమున గుత్తి చేరునప్పటికి దండులో కొందరు ఆ రోగమునకు బలియైరి. జూలై 6వ తేదీ ఉదయము పట్టికొండలో విడిసినప్పుడు ఆయనకును సోకెను. తన చెంతనుండు వారికి అంటునేమో అని వారిని దూరముగా పొమ్మని చెప్పుచు, ఆ రాత్రియే కన్నుమూసెను. వయస్సు అరువదియారు. మరునాడు గుత్తి కొండ పాదమున ఖననము చేసిరి. 1831లో అస్థులను చెన్నపట్టణపు కోటలోని సెయింటు మేరీ దేవాలయమునకు మార్చిరి. పట్టికొండలో ఆయన పేర బావియు తోపును, గుత్తిలో సత్రమును వెలసెను. చెన్నపట్టణమున 1839లో నిలిపిన అశ్వారూఢ విగ్రహమును చాంట్రీ అను ప్రసిద్ధ శిల్పి మలచెను.

రాళ్లకంటె జనుల నోటి కథలే ఎక్కువ కాలము నిలిచినవి. మంత్రాలయము మఠపు భూములను సర్కారునకు చేర్చు విషయమున విచారణకు వచ్చిన మన్రోకు, 1671లోనే బృందావనస్థులైన రాఘవేంద్రస్వామి దర్శనమిచ్చి మాటలాడిరని భక్తులు చెప్పుకొందురు. తిరుమలలో స్వామి నైవేద్యమునకు ఆయన ఇచ్చినదని చెప్పు గంగాళము నేటికిని ఆయన పేరనే పిలువబడుచున్నది. కడప జిల్లా వేంపల్లె వద్ద పాపాఘ్ని నది కొండలను చీల్చుకొని వచ్చు గండి క్షేత్రమున, శ్రీరాముని స్వాగతమునకై కట్టిన బంగారు తోరణము పుణ్యాత్ములకు మాత్రమే, అదియు మరణము సమీపించినప్పుడే, కనబడునందురు. అది మన్రోకు కనబడినదట. కొలది దినములకే ఆయన పోయెనట. ఇవి చరిత్ర కాకపోవచ్చును. పరమతస్థుడైన పరదేశి అధికారికి తమ దేవుడు దర్శనమిచ్చెనని జనులు నమ్ముట మాత్రము చరిత్రయే. కొడుకులకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిన కుటుంబములును ఈ సీమలో నుండెను.

ఈ గౌరవమును చూచి ఆయన పాలనలోని చేదును మరువరాదు. రైతువారీ పద్ధతిలోను శిస్తు బరువు తక్కువగా లేదు. కరువు వచ్చిన ఏట ఆ బరువు ప్రాణములకు వచ్చెడిది. పాళెగాండ్ర వంశములలో రగిలిన బాధ ఆరక, 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుగా మండెను. 1847 ఫిబ్రవరి 22న ఆ వీరుడు కోయిలకుంట్లలో ఉరికంబ మెక్కెను. ఏ భరణములు ఇచ్చి మన్రో పాళెగాండ్రను శాంతింపజేసెనో, అవి తరువాతి అధికారుల కాలమున ఒక్కొక్కటిగా తరిగిపోవుట ఆ తిరుగుబాటునకు కారణములలో ఒకటి. పాలకుడు మంచివాడైనంత మాత్రమున పరపాలన మంచిది కానేరదు. ఈ సత్యమును మన్రో తానే ఎరిగియుండెను, ఎరిగి వ్రాసెను.

అయినను, ఆయన జీవితము నుండి ప్రజాసేవకులు గ్రహింపదగినది చాల గలదు. భాష నేర్వనిదే జనుల మనస్సు తెలియదు. గుడారము విడిచి కచేరీలో కూర్చున్న అధికారికి పొలము కనబడదు. ఆదాయము హెచ్చుట ఒక్కటే పాలనకు కొలత కాదు. రైతు చేతిలో మిగిలినది ఎంతయో అదియే కొలత. ఈ మూడును ఆయన ఆచరణలో చూపిన విషయములు. బళ్లారి, కడప, అనంతపురము, కర్నూలు పల్లెలలో నేడు మన చేతిలో నున్న పట్టాలు ఎన్నియో సర్వేలు, ఎన్నియో చట్టములు దాటి వచ్చినవి. జమీందారీలు 1948 చట్టముతో రద్దగు వరకు ఉత్తర సర్కారుల రైతులు ఏ హక్కు కొరకు పోరాడిరో, అది ఈ సీమ రైతునకు అంతకు నూరేండ్లకు పైబడి ముందే దక్కినది. ఆ పట్టా మొదటి గీత గీసినది ముప్పదిమూడడుగుల గొలుసు. ఆ గొలుసు వెంట ఏడేండ్లు ఎండలో నడిచిన కలెక్టరును, ఆయన చేసిన మంచితోను, చేసిన తప్పుతోను కూడ, మన పిల్లలు తెలిసికొనవలెను.